ముట్టుకునే చేతులు కావాలి

(మార్చి 10, సావిత్రీబాయి ఫూలే వర్ధంతి నాడు వాడలోని అంబేడ్కర్ భవనంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

సావిత్రీబాయి చదువు గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఆమె చదువు గురించి ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాం. ఇవ్వాళ ఆమె చావు గురించి మాట్లాడదాం. 1897లో పూణే ప్రాంతంలో ప్లేగు వచ్చింది. ఆమె కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట ఆసుపత్రి పెట్టాడు. ముంఢ్వా దగ్గర మహర్ వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు సోకిందని తెలిసి సావిత్రీబాయి వాణ్ణి వీపు మీద వేసుకొని ఆసుపత్రికి మోసుకొచ్చింది. ఆ రోగం ఆమెకు అంటుకుంది. మార్చి 10న చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 66 ఏళ్లు.

ఎవ్వరూ ముట్టని కులంలో పుట్టిన బిడ్డ, ఎవ్వరూ ముట్టని రోగం. ఆమె ముట్టుకుంది. ఆ ఫొటోకి దండ వేసే చేతులు మనకు చాలా ఉన్నాయి. మరి బిడ్డ ఒళ్లు పుండైనప్పుడు ముట్టుకునే చేతులు ఉన్నాయా? మా సంగతే ముందు చెప్తాం. మేము ముట్టుకోలేదు.

మేము చేసిన తప్పు

మా బడిలో నాలుగో తరగతి చదివే ఆడపిల్ల. మన పేట పిల్లే. పేరు చెప్పం, ఆ పిల్ల పేరు ఆ పిల్లదే. బడిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చి పడిపోయింది. దయ్యం అన్నవాళ్లకు నచ్చజెప్పి, వాళ్లమ్మను వెంటబెట్టుకొని టౌనుకు పోయి డాక్టరుకు చూపించాం. మాత్రలు రాశాడు. రాసింది తప్పు కాదు, ఫిట్స్‌కు వాడే మాత్రే. "ఒక్క పూట కూడా మానొద్దు" అన్నాడు. మేమూ వాళ్లమ్మకు అదే పదిసార్లు చెప్పాం. మా ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివినోళ్లం కదా, చదువుకున్నోడి మాట అని ఆమె నమ్మింది.

మాత్ర మొదలుపెట్టిన పదహారో రోజున జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. గొంతు మంట, మింగలేకపోయింది. రెండు రోజులకు ముఖం మీద, రొమ్ము మీద ఎర్ర మచ్చలు. మచ్చ నడుమ నల్లగా కమిలినట్టు ఉంది. ముట్టుకుంటే పిల్ల కేకలు పెట్టింది. పెదవులు పగిలి నెత్తురు కట్టాయి. మర్నాటికి బొబ్బలు లేచాయి. నాయనమ్మ చూసి "అమ్మవారు" అంది. చూరుకు వేపకొమ్మ కట్టారు. వేపాకు పరిచి పడుకోబెట్టారు. పసుపు రాశారు. ఆర్.ఎం.పి. వచ్చి ఒక సూది, నాలుగు నొప్పి మాత్రలు ఇచ్చిపోయాడు.

మేము చూడటానికి పోయాం. గడప దాటలేదు. అమ్మవారంటే మాకు నమ్మకం లేదు గానీ అంటుకుంటుందని భయం. గుమ్మంలో నిలబడి ఏమన్నామో తెలుసా? "ఫిట్స్ మాత్ర మాత్రం మానొద్దమ్మా" అన్నాం. ఆ రాత్రి కూడా వేసింది ఆ తల్లి. తెల్లారి పిల్లను చంకల కింద చేతులు వేసి లేపబోతే తోలు ఊడి తల్లి అరచేతికి అంటుకొచ్చింది. ఆ కేక పేటంతా విన్నది. అప్పుడు 108కి ఫోన్ చేశాం.

ఇది ఏ రోగం?

దీని పేరు స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్. 1922లో అమెరికాలో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇట్లాంటి ఇద్దరు మగపిల్లల సంగతి రాశారు, అందుకని ఆ పేరు. ఒళ్లు ఇంకా ఎక్కువగా ఊడితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్ అంటారు. బిడ్డ అరచెయ్యి వేళ్లతో సహా ఆ బిడ్డ ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు. అట్లా పది అరచేతులకు లోపల ఊడితే మొదటి పేరు, ముప్పై దాటితే రెండో పేరు. నడుమ ఉన్నది రెండూ కలిసింది. పేరు ఏదైనా ప్రాణం మీదకి వచ్చేదే.

ఎక్కువసార్లు దీనికి కారణం మందు. ఒంటికి మందు పడక, ఒంట్లోని రక్షణ శక్తే ఎదురుతిరిగి సొంత తోలును చంపేస్తుంది. మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపల సాధారణంగా బయటపడుతుంది. ఏ మందులు? ఫిట్స్ మాత్రల్లో ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్, లామోట్రిజిన్. సల్ఫా మందుల్లో కో-ట్రైమోక్సజోల్. హెచ్.ఐ.వి.కి వాడిన నెవిరపిన్. పైరాక్సికమ్ లాంటి కొన్ని నొప్పి మాత్రలు. పిల్లల్లో కొందరికి మైకోప్లాస్మా అనే ఊపిరితిత్తుల జబ్బు వల్ల కూడా ఇట్లాంటిది వస్తుంది.

భయపడి మందులు పారేయకండి. పది లక్షల మందిలో ఏడాదికి కొద్దిమందికే వస్తుంది. ఫిట్స్ మాత్ర మంచిగా పడుతున్న బిడ్డకు ఈ ఉపన్యాసం విని మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి అదే ప్రాణం తీస్తుంది. మేము చెప్పేది ఒకటే. కొత్త మందు వేస్తున్న బిడ్డకు జ్వరంతో పాటు ఒంటి మీద నొప్పి పుట్టే ఎర్ర మచ్చలు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆ మందు ఇంకో మోతాదు వేయకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరండి. రేపు అనొద్దు. ఫిట్స్ మాత్ర అయితే బదులు మాత్ర డాక్టరు ఇవ్వాలి, అందుకనే ఇంట్లో కూర్చోకూడదు. మాత్రల అట్ట, చీటీ వెంట తీసుకుపోండి. మందు ఎంత తొందరగా ఆపితే బిడ్డ బతికే అవకాశం అంత ఎక్కువ.

అమ్మవారి సంగతి కూడా మాట్లాడుకోవాలి. పోలేరమ్మ మన అమ్మే. మన తాతలకు డాక్టరు లేడు, అమ్మ ఉంది. ఎవరినీ ఎగతాళి చేయం. కానీ ఆ మశూచి 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. టీకాలతో పోయింది. ఇప్పుడు వచ్చే ఆటలమ్మ బొబ్బలు విడివిడిగా నీటిబొట్లలాగా ఉంటాయి, దురద పెడతాయి. దీంట్లో దురద కంటే నొప్పి ఎక్కువ. బొబ్బలు కలిసిపోతాయి, తోలు పొరలు పొరలుగా జారుతుంది. నోరు, కళ్లు, మూత్రం పోసే చోటు కూడా పుండ్లవుతాయి. ఊడుతుందా అని రుద్ది చూడొద్దు. తేడా తెలియకపోయినా ఫరవాలేదు, డాక్టరుకు చూపించండి. అమ్మకు కోపం రాదు.

మూడు ఆసుపత్రులు

ఆ పిల్లతో ఒక పగలూ ఒక రాత్రీ తిరిగాం. మొదటి చోట "మా దగ్గర కాదు" అని పంపారు. రెండో చోట చేర్చుకున్నారు. కేసు షీటు రాస్తూ ఏ ఊరు అన్నారు, ఏ పేట అన్నారు. పేట పేరు చెప్పాం. పేట పేరు చెప్తే మన కులం వేరే చెప్పాలా? దూది కట్ట తెచ్చి స్టూలు మీద పెట్టి "మీ పిల్లను మీరే తుడుచుకోండి" అని పోయారు. ఆ తల్లికి ఏం తెలుసు? దూది పుండుకు అంటుకుంది. లాగితే తోలు వచ్చింది. సిబ్బంది తక్కువ అన్నారు, నిజమే. మరి ఆ ఉన్న కొద్దిమంది ఏ మంచం దగ్గర ఆగుతున్నారు, ఏ మంచం దాటిపోతున్నారు? ఆ రాత్రంతా కూర్చొని మేము చూసింది అదే. గడప దాటని మాకు వాళ్లను అడిగే నోరు ఆ రాత్రి రాలేదు.

మూడో ఆసుపత్రిలో ఒక సిస్టరమ్మ ఉంది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. గ్లౌజులు తొడుక్కొని పిల్ల తల కింద చెయ్యి పెట్టి "బంగారూ, నేను నిన్ను లాగను, సరేనా?" అంది. ఐదు రోజుల తర్వాత ఆ పిల్లతో భయం లేకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఆమె మా కులం అడగలేదు, మేము ఆమె కులం అడగలేదు. అక్కడున్న పద్దెనిమిది రోజులూ ఆమె చేసింది చూసి, అడిగి నేర్చుకున్నదే మీకు చెప్తున్నాం.

పుండును ఎట్లా చూడాలి?

తోలు అంటే ఇంటికి గోడ లాంటిది. గోడ పోతే లోపలి నీళ్లు బయటికి పోతాయి, వేడి పోతుంది, పురుగు లోపలికి వస్తుంది. వైద్యం అంతా ఈ మూడింటిని ఆపడమే. అందుకని గది వెచ్చగా ఉండాలి, 25 నుంచి 28 డిగ్రీలు. ఫ్యాను గాలి ఒంటికి తగలకూడదు. సెలైన్ లెక్క ప్రకారం ఎక్కాలి. మింగలేకపోతే ముక్కులో సన్నటి గొట్టం వేసి పాలు, జావ పోయాలి. బిడ్డ ఎండిపోతే పుండు మానదు.

ఊడిన తోలును పీకకూడదు. చచ్చిన తోలే గదా అనుకుంటాం. కానీ అదే కింది పచ్చి పుండుకు మూత. జారిన పొరను మెల్లగా దాని చోట సర్ది ఉంచుతారు. బొబ్బ బిగిసి నొప్పి పెడుతుంటే శుభ్రమైన సూదితో లోపలి నీరు లాగేసి పైపొర అట్లాగే వదిలేస్తారు. ఇది ఆసుపత్రి పని, మన ఇంటి సూదితో చేసేది కాదు.

కడగడానికి గోరువెచ్చటి సెలైన్. రుద్దకుండా పోయాలి, అద్దాలి. తర్వాత ఒళ్లంతా మెత్తటి వాజలిన్ లాంటి జిడ్డు మందు దట్టంగా రాస్తారు. దాని మీద అంటుకోని గాజ్ గుడ్డ వేసి వదులుగా కడతారు. పొడి దూది వద్దు. ప్లాస్టరు అసలే వద్దు, అది తీస్తే మంచి తోలు కూడా వస్తుంది. కట్టు విప్పడానికి అరగంట ముందు నొప్పికి మందు ఇస్తారు. ఇవ్వకపోతే అడగండి. మన పిల్లలు ఓర్చుకుంటారులే అనే మాట ఎవరన్నా ఒప్పుకోవద్దు. నొప్పి అందరికీ ఒకటే.

ఒక ముఖ్యమైన మాట. కాలిన పుండ్లకు మెడికల్ షాపులో ఇచ్చే తెల్ల క్రీము ఉంది చూడండి, సిల్వర్ సల్ఫాడయజిన్. అది సల్ఫా మందు. సల్ఫా వల్లే రోగం వచ్చిన బిడ్డకు అది రాస్తే మంట మీద కిరోసిన్ పోసినట్టే. ఏ మందు వల్ల వచ్చిందో తేలక ముందు కూడా వద్దు. డాక్టరు చెప్పకుండా ఏ క్రీమూ రాయొద్దు.

మన దేశంలో కాలిన పుండ్లకు అరటాకు కట్టు కూడా కడుతున్నారు. ముంబై డాక్టర్లు పరీక్షించి 2003లో అచ్చు వేశారు. ఆకు నున్నగా చల్లగా ఉంటుంది, పుండుకు అంటుకోదు, ఖర్చు లేదు. తోలు ఊడే రోగాలకు కూడా కొన్ని ఆసుపత్రుల్లో అరటాకు పరుస్తారు. కానీ వాళ్లు దాన్ని ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి వాడతారు. దొడ్లో కోసిన ఆకు అట్లాగే వేయమని మేము చెప్పడం లేదు. వేపాకు అయితే పుండుకు గుచ్చుకుంటుంది, దాని మీది దుమ్ము పుండులో పడుతుంది.

మరి ఆసుపత్రి చేరే లోపల మనం ఏం చెయ్యాలి? ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి పాత నూలు చీర పరవండి. బిడ్డను చేతులు పట్టి లేపొద్దు, చంకల్లో ఎత్తొద్దు. నలుగురు నాలుగు కొసలు పట్టుకొని చీరతో సహా ఎత్తండి. తోలు లాగినప్పుడే ఊడుతుంది. పైన ఇంకో శుభ్రమైన గుడ్డ కప్పి వెచ్చగా ఉంచండి. గుడ్డ అంటుకుంటే పీకొద్దు, కాచి చల్లార్చిన నీళ్లతో తడిపి వదిలేయండి. పసుపు, సున్నం, సిరా, పేడ, టూత్‌పేస్టు ఏదీ రాయొద్దు. మింగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇది అంటురోగం కాదు. చేతులు కడిగేది బిడ్డ నుంచి మనల్ని కాపాడుకోవడానికి కాదు, మన మురికి నుంచి బిడ్డను కాపాడటానికి.

కళ్లు పోగొట్టుకోవద్దు

తోలు రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. కన్ను అట్లా రాదు. చేరిన రోజునో మర్నాడో కంటి డాక్టరు వచ్చి చూడాలి. తర్వాత కూడా రోజూ చూడాలి. రెండు గంటలకొకసారి చుక్కలు వేయాలి. లేకపోతే రెప్పలు లోపల అతుక్కుంటాయి. రోగం ఎక్కువగా ఉంటే కాన్పులో వచ్చే మాయ లోపలి పలచటి పొరను శుద్ధి చేసి కంటి మీద పరుస్తారు. అది మొదటి రోజుల్లోనే చెయ్యాలి. మన పిల్లకు కంటి డాక్టరు వచ్చింది తొమ్మిదో రోజున. ఇవ్వాళ ఆ పిల్ల కుడి కన్ను మసక. ఎండలోకి వస్తే రెండు కళ్లూ తెరవలేదు. పొట్ట కోసం దేశం మీద పడి తిరిగే తల్లిదండ్రులకు ఆ తొమ్మిది రోజులు ఎవరు తిరిగి ఇస్తారు?

ఇంటికొచ్చాక కూడా రెప్ప లోపలి అంచు గరుకై నల్లగుడ్డును గీస్తూ ఉంటుంది. రెప్పవెంట్రుకలు లోపలికి తిరుగుతాయి. పట్టించుకోకపోతే చూపు పోతుంది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పెదవి లోపలి పొర తీసి రెప్ప అంచుకు అతికే ఆపరేషన్ చేస్తున్నారు. చూపు పోయాక కాదు, పోకముందే పోవాలి.

తల్లులు సిగ్గుపడి అడగని సంగతి ఇంకొకటి. మూత్రం పోసే చోట కూడా పుండ్లు అతుక్కుపోతాయి. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అక్కడ కూడా మందు రాసి విడిగా ఉంచాలి. డాక్టరు చూడకపోతే చూడమని మీరే చెప్పండి. ఇప్పుడు సిగ్గుపడితే బిడ్డ బతుకంతా బాధపడుతుంది.

బడికి వచ్చిన రోజు

పిల్ల రెండు నెలలకు బడికి వచ్చింది. ఒంటి మీద నల్ల మచ్చలు, తెల్ల మచ్చలు. గోళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. మధ్యాహ్నం అన్నాల దగ్గర పిల్లలు దూరం జరిగారు. ఊళ్లో పిల్లలే కాదు, మన పేట పిల్లలు కూడా జరిగారు. ఒక తల్లి వచ్చి "సారూ, మా పిల్లోణ్ణి ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టొద్దు" అంది. మన తల్లే! తరతరాలుగా మనల్ని ఏ మాట అని దూరం కూర్చోబెట్టారో అదే మాట మన నోట్లోంచి వచ్చింది. కరంచేడు, చుండూరు అని నినాదాలిచ్చే మనం మన పేటలోనే ఒక బిడ్డను వెలేశామా?

ఆ రోజు మేము పళ్లెం తీసుకొని ఆ పిల్ల పక్కన కింద కూర్చొని తిన్నాం. గొప్ప పని కాదు. గడప దాటని అప్పు అది, కొంత తీర్చుకున్నాం. మూడో రోజుకు పిల్లలు వాళ్లంతట వాళ్లే దగ్గరికి జరిగారు. పిల్లలు తొందరగా నేర్చుకుంటారు, మనమే ఆలస్యం.

ఏం చేద్దాం?

ఒకటి. ఏ మందు రాసినా, ఇచ్చినా, డాక్టరైనా ఆర్.ఎం.పి. అయినా మెడికల్ షాపువాడైనా మందు పేరు కాగితం మీద రాయించుకోండి. "ఇది పడకపోతే ఏమవుతుంది, ఎప్పుడు ఆపాలి?" అని అడగండి. చదువు రాకపోతే మా దగ్గరికి తెండి. ఆ ఒక్క ప్రశ్న మేము ఆనాడు అడిగి ఉంటే ఐదు రోజులు మిగిలేవి.

రెండు. ఒకసారి ఈ రోగం వచ్చిన బిడ్డకు ఆ మందు బతికినన్నాళ్లూ వేయకూడదు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ ఒకే తీరు మందులు. ఒకటి పడకపోతే మిగతా రెండూ పడకపోవచ్చు. ఆ పేర్లు అట్ట మీద రాయించి బడి సంచిలో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టండి. మన పిల్లకు ఇప్పుడు వేరే మాత్ర ఇస్తున్నారు, పడుతోంది.

మూడు. మందు వికటిస్తే మామూలు మనుషులు కూడా ఫిర్యాదు రాయొచ్చు. ప్రభుత్వానిదే ఉచిత ఫోన్ ఉంది, 1800-180-3024. మన బిడ్డలకు జరిగింది ఎక్కడా రాయకపోతే జరగనట్టే లెక్క. ఆశా అక్కతో కలిసి రాయిద్దాం.

నాలుగు. జిల్లా ఆసుపత్రిలో ఇట్లాంటి బిడ్డలకు వెచ్చటి విడి గది, అంటుకోని కట్టుగుడ్డ, కంటి డాక్టరు ఉండాలని సంఘం తరఫున అర్జీ పెడదాం. పేట పేరు విని దూది దూరంగా పెట్టే చోట నోరు మూసుకొని ఉండొద్దు. ఏ వార్డు, ఏ రోజు, ఏ వేళ, ఎవరు డ్యూటీలో ఉన్నారో రాసిపెట్టి సూపరింటెండెంటుకు ఇవ్వండి. అంటరానితనం 17వ అధికరణం ప్రకారం నేరం. ఆసుపత్రిలో కూడా నేరమే. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి, చేర్చిన రోజే అడగండి.

ఐదోది మనలో మనకు. ఏ ఇంట్లో బిడ్డ ఒళ్లు పుండైనా గుమ్మంలో నిలబడి సలహాలు చెప్పే పని మానేద్దాం. చేతులు కడుక్కొని లోపలికి పోదాం. చీర నాలుగు కొసలు పట్టడానికి నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురిలో ఒకరుగా ఇక నుంచి మేము ఉంటాం. మిగతా ముగ్గురు ఈ సభలోంచి రావాలి.

జై భీమ్!